కట్ట కోసే ముందు ఒక్కసారి చదువమ్మా

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. పొలంతో పాటు ఆ పాత చెరువు మట్టికట్ట కూడా నీ పేరిట వచ్చిందనీ, దాని బాగోగులు నువ్వే చూసుకుంటానన్నావనీ మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది. కానీ మాట చివర్లో "కట్టను అడ్డంగా తవ్వించి కొత్త పైపు వేయిస్తుందట" అన్నాడు చూడు, అప్పట్నుంచీ మనసు మనసులో లేదు.

ముందు మామూలు సంగతులు. గడ్డి జానెడు మించనివ్వకు. పొదలు పెరిగితే బొరియలు కనబడవు. బొరియ కనబడితే పైన నాలుగు తట్టల మట్టి పోసి చేతులు దులుపుకోకు, చివరిదాకా తవ్వించి పొరలుపొరలుగా దిమ్మిస కొట్టించు. చెట్లను మొక్కగా ఉన్నప్పుడే పీకెయ్. మానైపోయినదాన్ని నీళ్లు నిండుగా ఉండగా కదిలించకు. నరికి మొద్దు వదిలేస్తే వేళ్లు కుళ్లి నీటికి దారులవుతాయి. కట్ట పాదం నుంచి ఎనిమిది మీటర్ల దాకా చెట్టనేది వద్దు. కట్ట పైభాగం ఎక్కడైనా కుంగిందేమో ఏడాదికోసారి ట్యూబ్ లెవెల్‌తో (మట్టం చూసే నీళ్ల గొట్టం) చూడు; నీళ్లు పొర్లడం మొదలయ్యేది ఆ పల్లంలోంచే.

అలుగు, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పొర్లిపోయే దారి, దాని జోలికి మాత్రం వెళ్లకు. చేపలు పోతున్నాయని జాలీ కట్టడం, ఇంకో మూరెడు నీళ్లు నిలుస్తాయని బస్తాలు పేర్చడం, ఈ తెలివితేటలు వద్దు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ కట్ట కూడా ప్రైవేటు వాళ్లదే. అలుగుకు చేపల జాలీలు పెట్టారు, బండ్లు నడవడానికి కట్ట ఎత్తు తగ్గించారు, అడుగున నీళ్లు వదిలే పైపులు ఎప్పుడో తీసేస్తే మళ్లీ వేయలేదు. 1889 మే 31న కట్ట మీదుగా నీళ్లు పొర్లి, కట్ట తెగింది. 2,200 మందికి పైగా పోయారు.

ఇక నీ పైపు. పైపు లోపల పోయే నీళ్ల గురించి కాదు నా బెంగ, దాని పక్కన పాకే నీళ్ల గురించి. గుండ్రటి పైపు కింద రెండు వైపులా ఒంపుంటుంది. అక్కడ దిమ్మిస పడదు, మట్టి గుల్లగా ఉండిపోతుంది. ఆ గుల్లలోంచి మొదట చెమ్మ, తర్వాత సన్న ధార. ఆ ధార బయటి చివర రేణువు రేణువుగా మట్టిని ఎత్తుకుపోతుంటే, లోపలి ఖాళీ నీళ్ల వైపుగా వెనక్కి తొలుచుకుంటూ పోతుంది. పైన పచ్చగడ్డి పచ్చగడ్డిలాగే ఉంటుంది. బుంగ బయటపడ్డాక అది గండి కావడానికి ఒక్కోసారి గంటలు చాలు.

దీనికి పాతకాలపు మందొకటుంది. పైపు పొడవునా అక్కడక్కడ కాంక్రీటు కాలర్లు, అంటే పైపును చుట్టి అడ్డుగోడల్లా నిలిచే పలకలు కట్టడం. నీళ్లు వాటిని చుట్టి రావాలి కాబట్టి దారి పొడవై జోరు తగ్గుతుందని లెక్క. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. దశాబ్దాలపాటు అందరూ అదే నమ్మారు, పాత డ్రాయింగుల్లో అదే ఉంటుంది, నీ మేస్త్రీ కూడా రేపు అదే అంటాడు. తల ఊపకు. కాలర్ పెట్టిన ప్రతిచోటా ఇంకో రెండు మూలలు పుడతాయి, వాటిలో రోలర్ తిరగదు. మట్టి కుంగుతుంది, కాలర్ కుంగదు, ఆ రెంటి మధ్య పగులొస్తుంది. పగుల్లోంచి నడిచే నీటికి దారి పొడవు లెక్కలేం పడతాయి? కాలర్లున్న పైపుల వెంబడే కట్టలు తెగడం చూశాక 1980ల్లో అమెరికా ఇంజనీర్లు వాటిని వదిలి ఇసుక వైపు మళ్లారు.

ఇసుక నీళ్లను పోనిచ్చి మట్టిని పట్టుకుంటుంది. పైపు బయటి సగంలో, దాని చుట్టూ ఒక మీటరు మందాన శుభ్రమైన ఇసుక తెర నింపాలి. పక్కలకూ పైకీ పైపు వ్యాసానికి మూడింతలైనా పోవాలి. అందులో చేరిన ఊట బయటికి రావడానికి కట్ట పాదం దగ్గర దారుండాలి. దుమ్మున్న ఇసుక పనికిరాదు, అది పగులును పూడ్చకుండా తనే పగులుతుంది. తడి ఇసుకను గిన్నెలో నొక్కి బోర్లించి, ఆ ముద్ద చుట్టూ నెమ్మదిగా నీళ్లు పోయించు. కూలిపోతే మంచి ఇసుక, నిలబడితే లారీని వెనక్కి పంపించు.

కందకాన్ని నిలువుగా తవ్వనివ్వకు, మీటరు లోతుకు రెండు మీటర్ల వాలైనా ఉండాలి. పైపు కింద ఒంపులు నిండేలా కాంక్రీటు పరుపు వేయించు. మట్టి ఒక్కో పొర జానెడు దాటకూడదు, పిడికిట పడితే ముద్దకట్టేంత తడి ఉండాలి. వాల్వు నీళ్ల వైపే పెట్టించు. బయటి చివర పెడితే మూసినంతసేపూ పైపు నిండా ఒత్తిడే, ఒక్క జాయింటు కారినా ఆ నీళ్లు నేరుగా కట్ట కడుపులోకే.

ఇంత చెప్పి అసలు మాట ఇప్పుడంటున్నాను, కోప్పడకు. కట్టను కోయకుండానే పని జరగదా? పైనుంచి సైఫన్ వెయ్యి, అంటే కట్ట మీదుగా పోయే పైపు; ఒకసారి నీళ్లతో నింపితే తనే నీళ్లను లాగి అవతల పోస్తుంది. నీటిమట్టం నుంచి పైపు శిఖరం దాకా ఎత్తు ఐదారు మీటర్ల లోపుంటే హాయిగా నడుస్తుంది. శిఖరం దగ్గర గాలి వాల్వు ఒకటి, రెండు కొసలా మూసుకునే వాల్వులు, నీళ్లు నింపడానికి మూత. నీ కట్టకు అది చాలుతుందనే నా నమ్మకం.

ఇప్పుడున్న ఊటను నెలకోసారి కొలువు. పది లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో, నీటిమట్టం ఎంతుందో, వాన పడిందో లేదో పుస్తకంలో రాయి. గాజుగ్లాసులో పట్టి చూడు. తేటగా ఉంటే నిద్రపో. మసకబారితే, లేదా నీళ్లలో సుడి కనిపిస్తే, ముందు దిగువన ఉన్నవాళ్లకు ఫోన్ చెయ్యి, తర్వాత ఇంజనీరుకు. ఊట వచ్చేచోట బంకమట్టితో బిరడా కొట్టకు, నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి. మొదట ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు. నీళ్లు మెల్లగా దింపు. మామూలు రోజుల్లో రోజుకు ముప్పై సెంటీమీటర్లు మించితే తడిసిన లోపలి వాలు జారిపోతుంది. గండి ముంచుకొస్తుంటే మాత్రం ఆ లెక్క చూడకు. అప్పుడు కట్ట మీద నిలబడకు తల్లీ, పోతే కట్టే పోనీ.

పైపుకు అడ్వాన్సు ఇచ్చావా? ఇవ్వకపోతే కట్ట ఎత్తు, నీటిమట్టం కొలిచి నాకు పంపు. సైఫన్ లెక్క నేను వేసిస్తాను.

మీ పెదనాన్న