మా పద్మిని అడవిలో ఆగినప్పుడు నేరం ఎవరిది

నలభై ఏళ్లనాటి కారులో పాయింట్లు (నిప్పురవ్వ పుట్టించడానికి కరెంటును కలిపి తెంచే లోహపు ముక్కలు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ (అదే పని చేసే చిన్న పెట్టె) పెట్టిస్తే దూరప్రయాణాలకు నమ్మవచ్చా, దారి మధ్యలో చెడిపోతే గతి ఏమిటి అని అడిగారు. నిస్సందేహంగా నమ్మవచ్చు. మా నాన్నగారు కొన్న 1985 ప్రీమియర్ పద్మినిలో పన్నెండేళ్లుగా అదే ఉంది. కాకపోతే ఆ చిన్న పెట్టెను అనుమానించే ముందు, దానికి కరెంటు మోసుకొచ్చే పాత తీగను అనుమానించండి. ఈ పాఠం నాకు నల్లమల అడవిలో అబ్బింది.

పెట్టె బిగించిన రెండో ఏడు. ఏప్రిల్ ఎండలు. అమ్మ, అన్నయ్య, నేను హైదరాబాదు నుంచి శ్రీశైలం బయలుదేరాం. మన్ననూరు చెక్‌పోస్టు దాటేసరికి సాయంత్రం నాలుగు. అక్కడ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను అడవిలోకి వదలరు. ఫర్హాబాద్ దాటి కొంత దూరం వెళ్లామో లేదో ఇంజను రెండు మూడుసార్లు పొలమారినట్టు కొట్టుకుని ఆగిపోయింది.

"ఆ ప్లాస్టిక్ ముక్కను నమ్మవద్దని చెప్పానా?" అన్నాడు అన్నయ్య. నాకూ అదే భయం పట్టుకుంది. అయినా ముందు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగాను. మన ఎండలకు గొట్టంలోనే పెట్రోలు ఆవిరై ఇలాంటి కార్లు ఆగిపోవడం మామూలే. దాన్ని కూడా ఇగ్నిషన్ ఖాతాలో రాసేసే మెకానిక్కులను ఎందరినో చూశాను. ఎండలో ఆగి, చల్లబడ్డాక తనంతట తానే కదిలే కారుకు కొత్త కాయిల్ (నిప్పురవ్వకు కావలసిన ఎక్కువ వోల్టేజీ పుట్టించే తీగచుట్ట) అమ్మేస్తారు. ఈసారి మాత్రం అది కాదు. కాయిల్ నుంచి వచ్చే లావు తీగను ఇంజనుకు దగ్గరగా పెట్టి అన్నయ్యను స్టార్టర్ తిప్పమన్నాను. నిప్పురవ్వ నీలంగా, టపటపమంటూ దూకాలి. పసుపుపచ్చగా, సన్నగా, ఉందా లేదా అన్నట్టు వచ్చింది.

డిక్కీలో పాత పాయింట్ల ప్లేటు, పాయింట్ల ముఖాలు కాలిపోకుండా కాపాడే కండెన్సర్‌తో సహా ఉంది. పెట్టె విప్పి దాన్ని బిగించాను. పాయింట్ల మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ ఇంట్లోనే ఉండిపోవడంతో అగ్గిపెట్టె అట్ట ముక్కతో గ్యాప్ పెట్టాను. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. పాతదే గట్టిదన్నాడు అన్నయ్య. రెండు కిలోమీటర్లు వెళ్లాం. మళ్లీ అదే పొలమారడం, అదే నిశ్శబ్దం. ఇంకో కండెన్సర్ ఉంటే అదీ మార్చాను, ఫలితం లేదు. కోతులు చుట్టూ చేరాయి. అమ్మ కారు అద్దాలు పైకెత్తుకుని మల్లన్నను తలుచుకుంటూ కూర్చుంది. చీకటి పడితే పులుల అడవిలో పెద్దావిడతో ఎలా అని నాకు చేతులు వణికాయి.

అప్పుడొక సరుకుల వ్యాను ఆగింది. డ్రైవరుకు అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీ నడిపారట. నేను చేసిందంతా ఓపికగా విని, "బాబూ, ఆ పెట్టె ఉన్నప్పుడూ ఆగింది, పాయింట్లు పెట్టినా ఆగింది. రెండింటికీ అన్నం పెట్టే తీగ ఒకటే కదా, దాన్ని చూశారా?" అన్నారు. చూడలేదు. ఆయన ఇగ్నిషన్ తాళం వెనక డ్యాష్‌బోర్డు కిందికి చేయి పోనిచ్చి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. కాయిల్‌కు వెళ్లే తీగ కొస కాలిపోతోంది. కనెక్టర్ గోధుమ రంగుకు మారి, ప్లాస్టిక్ కరిగి ఉంది. ఆయనే తన వ్యానులోంచి రెండు గజాల తీగ తెచ్చి, బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా కాయిల్ ప్లస్‌కు కలిపారు. ఇంజను గర్జించింది. "ఇప్పుడు తాళంచెవి తీసినా బండి ఆగదు. బానెట్ ఎత్తి తీగ పీకాలి. మరిచిపోయారంటే కాయిల్ కాలిపోతుంది" అని జాగ్రత్త చెప్పారు. డబ్బు ముట్టలేదు. అమ్మ ఇచ్చిన పులిహోర పొట్లం మాత్రం కళ్లకద్దుకుని తీసుకున్నారు.

ఇంటికి తిరిగొచ్చాక ఆ పాత తీగనే మళ్లీ కలిపి, పాయింట్లు మూసి ఉంచి మీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. కాయిల్ దగ్గర 8.9. మిగతాదంతా తుప్పు పట్టిన ఆ కనెక్టర్ దగ్గరే వేడిగా మారిపోతోంది. వేడెక్కిన కొద్దీ వోల్టేజీ ఇంకా పడిపోతుంది. నేను పాయింట్లు మార్చేలోగా అది కాస్త చల్లబడింది కాబట్టే ఆ రెండు కిలోమీటర్లు నడిచింది. అన్నయ్య దాన్ని పాయింట్ల గొప్పతనం అనుకున్నాడు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మీద మీరు వినే అపవాదుల్లో సగానికి పైగా ఇలా పుట్టినవేనని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) మీదుగా కాయిల్‌కు కొత్త తీగ వేయించాను. తాళం ఇప్పుడు రిలేను మాత్రమే పలకరిస్తుంది, కరెంటంతా దాని గుండా పోదు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని గీకి శుభ్రం చేసి బిగించాను. అదే పాత పెట్టెను తిరిగి పెట్టాను. పదేళ్లలో ముప్పై వేల కిలోమీటర్లు తిరిగాం. ఒక్కసారీ ఆగలేదు.

పాయింట్ల మీద మమకారం ఉన్నవారు ఒక లెక్క వేసుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. గంటకు 3,60,000 సార్లు. ప్రతిసారీ సుమారు నాలుగు ఆంపియర్ల కరెంటును తెంచాలి. ముఖాలు కాలి గుంటలు పడతాయి, పాయింట్లను తెరిచే క్యామ్‌కు రాసుకునే మడమ అరుగుతుంది, గ్యాప్ తగ్గి టైమింగ్ (నిప్పురవ్వ పుట్టే సమయం) వెనక్కి జరుగుతుంది. అలా మైలేజీ పడిపోతే కార్బురేటర్ విప్పే వాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. క్రైస్లర్ వాళ్లు 1973 నాటికే అమెరికాలో తమ కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేశారు. మనం మాత్రం ఇంకా పాయింట్లు గీకే గరుకు కాగితం పట్టుకుని కూర్చున్నాం.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది కండెన్సర్. పాతకాలపువి ఇరవై ఏళ్లు మన్నేవి. ఇప్పుడు మెరిసే అట్టపెట్టెలో, అసలు కంపెనీదేనన్న మాటతో కొన్నవి కొన్ని నెలల్లోనే పోయాయి. పాయింట్లయితే ఎక్కడైనా దొరుకుతాయనే వాదన ఈ ఒక్క భాగం వల్లే కూలిపోయింది. దొరకడం వేరు, పనిచేయడం వేరు.

పెట్టిస్తానంటే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. పెట్టెతో వచ్చిన కాగితంలో కాయిల్ ఎన్ని ఓములు (కరెంటుకు అడ్డుపడే నిరోధం కొలత) ఉండాలని రాసి ఉంటే అంతే పెట్టండి. మూడు ఓములు అడిగేదానికి ఒకటిన్నర ఓముల కాయిల్ కలిపితే రెట్టింపు కరెంటు లాగి పెట్టె మాడుతుంది. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి పాటలు వినకండి. చాలా పెట్టెలు చచ్చేది అలాగే. ప్లగ్గులకు వెళ్లే ఉత్త రాగి తీగలు తీసేసి, నిరోధం ఉన్నవి వేయండి. రాగి తీగల విద్యుత్ రొద పెట్టెలోని సెన్సర్‌ను తికమక పెడుతుంది. పాత మోరిస్ లాంటి బ్రిటిష్ కారైతే బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉండవచ్చు. అది చూడకుండా బిగిస్తే తాళం తిప్పిన క్షణంలోనే డబ్బులు పోయినట్టే. జంట హారన్లు, రంగు లైట్లు అంటూ ఇగ్నిషన్ తీగకు ముడులు వేసే దుకాణాల దగ్గరకు మాత్రం కారు తీసుకెళ్లవద్దు.

దారిలో పోతే ఏమిటన్నారు కదా. పాయింట్ల ప్లేటును ముందే ఒకసారి మీ కారులో బిగించి, గ్యాప్ సరిచేసి, నడిపి చూసి, కండెన్సర్‌తో కలిపి డిక్కీలో ఉంచుకోండి. దాంతోపాటు రెండు కొసలకూ క్లిప్పులున్న రెండు గజాల తీగ, కరెంటు వస్తోందో లేదో చూపే ఒక టెస్ట్ లైటు. పాయింట్ల ప్లేటు అవసరం నాకు మళ్లీ రాలేదు. తీగ మాత్రం దారిలో ఆగిన వాళ్ల కార్లకు రెండుసార్లు ఇచ్చాను.

మీ కారు ఏదో రాయలేదు. తాళం ఆన్‌లో ఉంచి, పాయింట్లు మూసి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర ఎంత, కాయిల్ ప్లస్ దగ్గర ఎంత ఉందో కొలిచి రాయండి. తేడా అర వోల్టు దాటితే ముందు తీగ మార్పించండి, పెట్టె సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.