కెన్యా మారథాన్ రన్నర్ కిప్చోగే కోచ్ పాట్రిక్ సాంగ్ స్వయంగా పెద్ద రన్నరేనా?

అవును, చాలా పెద్ద రన్నర్. ఆయన పరుగు 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్. అందులో 28 సార్లు అడ్డంకి, 7 సార్లు నీటి గుంట దాటాలి. అమెరికాలోని టెక్సాస్ యూనివర్సిటీలో చదువుకున్న సాంగ్, 1991లో టోక్యో, 1993లో స్టుట్‌గార్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో రజతం గెలిచాడు. మధ్యలో 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లోనూ రజతమే. అక్కడ మూడు పతకాలూ సాంగ్‌తో సహా కెన్యావాళ్లకే వచ్చాయి. ఒలింపిక్స్‌లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో స్వర్ణం మాత్రం ఆయనకు ఒక్కసారీ అందలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

కోచ్‌గా కథ ఊళ్లోనే మొదలైంది. ఎవరో కుర్రాడు వచ్చి ట్రైనింగ్ ప్రోగ్రామ్ ఇమ్మన్నాడు. ఇచ్చాడు. అది పూర్తి చేసుకుని మళ్లీ వచ్చి, తర్వాతది ఏమిటన్నాడు. చిన్నప్పుడు తనకు పాఠం చెప్పిన టీచరమ్మ కొడుకే అతనని సాంగ్‌కి తెలిసింది ఆ తర్వాతే. ఆ కుర్రాడే ఎలియుడ్ కిప్చోగే. 2003 పారిస్‌లో 18 ఏళ్లకే 5000 మీటర్లలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాత మారథాన్‌లో రియో, టోక్యో ఒలింపిక్ స్వర్ణాలు. మహిళల 1500 మీటర్ల రాణి ఫెయిత్ కిప్యెగన్ కూడా సాంగ్ శిష్యురాలే.

ఆయన గొప్పతనం నాకు బాగా కనిపించేది కెన్యాలోని కప్తగత్ శిక్షణ క్యాంపులో. అక్కడ ప్రపంచ రికార్డు సాధించిన కిప్చోగే కూడా వంతు వస్తే టాయిలెట్లు కడిగేవాడు.