బతుకమ్మకు నగరం డబ్బులిస్తుందా?

ఈమధ్యే సియాటిల్ వచ్చిన ఒక వరంగల్ చెల్లెలి ప్రశ్న: "అక్కా, మా ఇంటి దగ్గరి పార్కుల బతుకమ్మ ఆడాలని పదిమందిమి అనుకుంటున్నం. పెద్ద అసోసియేషన్ల దాక పోకుండ మేమే చేస్తం, ఇరుగుపొరుగోళ్లను గూడ పిలుస్తం. స్పాన్సర్లు ఎవరూ లేరు. నేను హెచ్-4 మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసా వెంట వచ్చే వీసా మీద ఉన్న. ఇసొంటియాటికి ఈడ ఎవరన్న పైసలిస్తరా?"

ఇస్తారు చెల్లీ. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఏ పండగ తలపెట్టినా ముందు ఇళ్లమ్మే ఏజెంటు దగ్గరికో, బిర్యానీ హోటలు యజమాని దగ్గరికో వెళ్తాం. వాళ్లిచ్చిన డబ్బుకు వాళ్ల బ్యానరు కడతాం, వాళ్లకు మైకిస్తాం. వెయ్యిమంది పట్టే హాలుకి ఆ దారి కావాలేమో గానీ, పార్కులో యాభైమంది ఆడే బతుకమ్మకు అక్కర్లేదు. అలాంటి చిన్న పనుల కోసమే ఈ దేశంలో చిన్న గ్రాంట్లున్నాయి.

మీరు మొదట చూడాల్సింది ఆసమ్ ఫౌండేషన్. 2009లో బోస్టన్‌లో మొదలైంది. పదిమంది ట్రస్టీలు నెలకు తలా వంద డాలర్లు జేబులోంచి తీసి, నచ్చిన ఒక ఆలోచనకు వెయ్యి డాలర్లు ఇస్తారు. తిరిగి ఇవ్వక్కర్లేదు, వాటా అడగరు. వాళ్ల మొదటి గ్రాంటు బోస్టన్‌లో జనం కలిసి ఊగడానికి కట్టిన ఓ పెద్ద ఊయలకు వెళ్లింది. వాళ్ల మనసు ఎలాంటిదో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ పద్ధతి చాలా నగరాలకు పాకింది. ఏ నగరం శాఖ దానిదే, నిర్ణయాలూ దానివే. రిజిస్టరైన సంస్థే కానక్కర్లేదు, ఒక్క మనిషి కూడా అడగవచ్చు. మీ ఊరి శాఖ ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటోందో లేదో వాళ్ల సైటులో చూసుకోండి.

దరఖాస్తు చిన్నదే: మీరెవరు, ఏం చేస్తారు, డబ్బు దేనికి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. "తెలుగు సంస్కృతీ సంప్రదాయాల పరిరక్షణ" అని రాస్తే, బతుకమ్మ పేరే వినని ట్రస్టీ కంటికి ఏమీ కనబడదు. "అక్టోబరు సాయంత్రం పార్కులో మూడడుగుల ఎత్తున పూలు పేరుస్తాం, చూడవచ్చినవాళ్ల చేత కూడా ఒక వరస పెట్టిస్తాం, తర్వాత అందరం చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడతాం" అని రాయండి. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు కదా, ఆ లోటునే మీ ఆలోచనకు ఆయువుపట్టు చేసుకోండి. సియాటిల్ నగర పుష్పం డాలియా, 1913 నుంచీ. బతుకమ్మ రోజులకు చాలా పెరళ్లలో అది ఇంకా పూస్తూనే ఉంటుంది. "మీ పెరట్లో పూలు నాలుగు తెచ్చి మా బతుకమ్మలో పెట్టండి" అని వీధివీధికీ కాగితం పంచుతామని రాశారనుకోండి, పొరుగువాళ్లు చూసి వెళ్లే ప్రేక్షకులుగా కాక పండగలో భాగమవుతారు. నేనే ట్రస్టీనైతే ఆ ఒక్క వాక్యానికే చెక్కు రాసేదాన్ని.

ఖర్చులు మాత్రం నిక్కచ్చిగా రాయండి. పార్కు అనుమతి, అడిగితే ఒకరోజు ఇన్సూరెన్సు, కొనే బంతీ చామంతీ, పళ్లాలు, స్పీకరు అద్దె, పాటలు ఇంగ్లీషు లిపిలో అచ్చేసిన కాగితాలు. ధరలు కనుక్కుని వేయండి, గుండుగుత్తగా "ఇతరాలు" అని పెద్ద మొత్తం పెట్టొద్దు. ఈసారి రాకపోతే కుంగిపోకండి, మార్చి మళ్లీ పంపవచ్చు.

నగరం డబ్బు ఇంకో రకం. సియాటిల్‌లో నైబర్‌హుడ్ మ్యాచింగ్ ఫండ్ 1988 నుంచి ఉంది. నగరం కొంత ఇస్తే మీవైపు నుంచీ కొంత పెట్టాలి. ఆ కొంత డబ్బే కానక్కర్లేదు, మీ శ్రమనూ లెక్కగడతారు. పూలు పేర్చిన గంటలు, కాగితాలు పంచిన గంటలు అన్నీ లెక్కే. అందుకే ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలు అని మొదటిరోజు నుంచే రాసి సంతకాలు పెట్టించుకోండి. ఇలాంటి ప్రభుత్వ నిధుల్లో చాలావాటికి ముందు మనం ఖర్చు పెట్టి, రసీదులిచ్చి, తర్వాత రాబట్టుకోవాలి. అది తట్టుకోగలరో లేదో ముందే చూసుకోండి. సియాటిల్ నగరం డబ్బు సియాటిల్ హద్దుల్లోని పనికే. మనవాళ్లు ఎక్కువగా ఉండే రెడ్‌మండ్, సమ్మామిష్, బోతెల్ వేరే నగరాలు. అక్కడివాళ్లు తమ సిటీ ఆర్ట్స్ విభాగాన్ని అడగాలి. కింగ్ కౌంటీలో (సియాటిల్ ఉన్న జిల్లా లాంటిది) ఉంటే ఫోర్‌కల్చర్ అనే సంస్థను కూడా చూడాలి, అది కళాకారులకు విడిగానూ ఇస్తుంది. వేరే ఊళ్లవాళ్లకు ఒక మాట: వాంకూవర్‌లో నైబర్‌హుడ్ స్మాల్ గ్రాంట్స్ ఐదువందల కెనడా డాలర్ల దాకా ఇస్తాయి, న్యూయార్క్‌లో సిటిజన్స్ కమిటీ, ఇంగ్లండులో లాటరీ సొమ్ముతో నడిచే అవార్డ్స్ ఫర్ ఆల్ ఉన్నాయి.

ప్రభుత్వ సొమ్ము పూజకు ఇవ్వరు. గౌరమ్మ సంగతి దాచమని చెప్పడం లేదు, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కానీ గ్రాంటు అడిగేది పూల పేర్పుకు, పాటకు, ఆటకు. పసుపు గౌరమ్మ, హారతి ఖర్చు మీ చేతి డబ్బుతోనే పెట్టుకోండి.

ఇక మీ వీసా. హెచ్-4 మీద పని అనుమతి లేకపోతే ఈ డబ్బులోంచి మీ శ్రమకు ఒక్క డాలరు కూడా తీసుకోవద్దు. అంతా వస్తువులకూ అద్దెలకూ పోవాలి, రసీదులు ఉండాలి. హెచ్-1బి (ఉద్యోగ వీసా), ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకూ ఇదే మాట, విద్యార్థులైతే కాలేజీ అంతర్జాతీయ విభాగంలో అడిగి మొదలుపెట్టండి. వ్యక్తి పేరిట వచ్చిన గ్రాంటును సాధారణంగా ఆదాయంగా చూస్తారు, కాబట్టి పన్నుల మనిషికి ముందే చెప్పండి. మీ పేరు మీదికి రావడమే వద్దనుకుంటే ఫిస్కల్ స్పాన్సర్‌ను వెతకండి. అంటే ఒక లాభాపేక్ష లేని సంస్థ మీ తరఫున డబ్బు తీసుకుని లెక్క చూస్తుంది, అందుకు కొంత శాతం ఉంచుకుంటుంది. గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉన్న మిత్రురాలిని ముందుపెట్టి ఆమె పేరిట తెచ్చుకునే ఆలోచన మాత్రం చేయకండి. నిజంగా ఆమె నడిపితే సరే, పేరు మాత్రం అరువు తెచ్చుకోవద్దు.

ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మలీద, పులిహోర, పెరుగన్నం లేకుండా ఎలాగని మీకుంటుంది. బయటి జనానికి పంచే తిండికి ఇక్కడ హెల్త్ డిపార్ట్‌మెంటు నియమాలున్నాయి, ఇంట్లో వండింది తెచ్చి అందరికీ పెట్టడం సాధారణంగా కుదరదు. లైసెన్సున్న హోటలు నుంచి తెప్పించేటప్పుడు కూడా పర్మిట్ కావాలేమో ముందే అడగండి. బతుకమ్మను సాగనంపేది ఎక్కడన్నది ఇంకో ముఖ్యమైన విషయం. అడగకుండా పార్కు చెరువులో వేయొద్దు. పెద్ద టబ్బులో నీళ్లు పోసి అందులో వదిలి, ఆ పూలు మర్నాడు కంపోస్టుకు పంపండి. ఈ ఏర్పాటును దరఖాస్తులోనే రాస్తే మీరు ముందూ వెనకా చూసుకున్నారని చదివేవాళ్లకు తెలుస్తుంది.

బతుకమ్మ మొదటిరోజైన ఎంగిలిపూలు మహాలయ అమావాస్యకు. ఈ ఏడాది అది ఏ తారీఖో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. పార్కు బుకింగ్ వేసవి మొదట్లోనే, ఆసమ్ దరఖాస్తు జూన్ కల్లా, కాగితాలు ఆగస్టులో. సిటీ ఫండ్ గడువులు వేరుగా ఉంటాయి కాబట్టి రేపే వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేయండి. దరఖాస్తు రాయడానికి ముందే మాట్లాడేవాళ్లకు అక్కడి ఉద్యోగులు ఓపిగ్గా చెబుతారు.