ముందు ఒక్కటి వేయించి చూడండి, మూడింటికీ కలిపి డబ్బు కట్టకండి

మీ అమ్మగారికి 61 ఏళ్లు, మోకాలి అరుగుదల గ్రేడ్ 3 (4 అంటే బాగా ముదిరినట్టు), ఒంగోలులో మూడు పీఆర్‌పీ (మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్స్) ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారు, చేయించాలా వద్దా అని అడిగారు కదా. నేను డాక్టర్ని కాను, కావలిలో హార్డ్‌వేర్ షాపు నాది. మూడేళ్ల క్రితం మా అమ్మ మోకాలికి, ఆ తర్వాత నా మోచేతికి ఇదే వేయించాం, ఆ అనుభవంతో చెబుతున్నా.

అమ్మకి షుగర్ ఉంది. అంతకుముందు ఒకసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నొప్పి తగ్గింది గానీ నాలుగైదు రోజులు షుగర్ 300 దాటి మమ్మల్ని హడలగొట్టింది, అందుకని నెల్లూరులో చూపిస్తే అక్కడి డాక్టర్ పీఆర్‌పీ అన్నారు. ప్లేట్‌లెట్స్ అనగానే అమ్మ "డెంగీ వచ్చినోళ్లకి ఎక్కిస్తారే, అవేనా నాయనా?" అంది. వేరేవాళ్లవి కాదమ్మా, నీ రక్తమే ఒక 30 మిల్లీలీటర్లు తీసి మిషన్లో గిరగిరా తిప్పుతాం, ఎర్రదంతా అడుక్కి పోయి పైన పసుపు నీళ్లు తేలతాయి, అందులో ప్లేట్‌లెట్స్ చిక్కగా ఉండే భాగం తీసి మోకాల్లోకి ఎక్కిస్తాం అని నర్సు విడమరిచి చెబితే, "నా రక్తం నాకే పొడిచేదానికి 12 వేలా!" అని ఆమెతో తగువేసుకుంది.

మొదటిసారి వెళ్లిన రోజు అసలు ఇంజెక్షనే వేయలేదు. వారం ముందు నుంచి నొప్పి మాత్రలు ఆపమన్నారు, ఎందుకంటే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి ప్లేట్‌లెట్స్ పనిని అణిచేస్తాయి. అమ్మేమో నాకు తెలియకుండా మెడికల్ షాపులో తెప్పించుకుని ఆ పొద్దున కూడా ఒకటి వేసుకుని వచ్చింది. డాక్టర్ అడిగితే అక్కడ నిజం చెప్పింది, ఆయన వెనక్కి పంపేశారు. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆయన చేసిందే కరెక్ట్. మీ అమ్మగారి మాత్రల డబ్బా మీరే ఒకసారి చూడండి. గుండెకని రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతుంటే మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

ఇంజెక్షన్ వేసిన రాత్రి నొప్పి ఇంకా ఎక్కువైంది, రెండు రోజులు ఐస్, పారాసెటమాల్‌తో నెట్టుకొచ్చాం. నాలుగో వారం నుంచి తేడా కనిపించింది, ఆ వేసవిలో మేడెక్కి వడియాలు కూడా పెట్టింది. నాలుగైదు నెలలయ్యాక మళ్లీ మామూలే. రెండోది వేయిస్తే ఏ మార్పూ లేదు, మూడోదానికి అమ్మ రానంది. కానీ మేము ముందే మూడింటికీ కలిపి 30 వేలు కట్టేశాం, కౌంటర్ దగ్గర అమ్మాయి "గుజ్జు మళ్లీ పెరుగుతుంది సార్" అంటే నమ్మి. మిగిలింది తిరిగివ్వమంటే రూల్ లేదన్నారు. గుజ్జు పెరగదండీ, మళ్లీ తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు అంతే ఉంది. తర్వాత తెలిసిందేమంటే, ఆస్ట్రేలియాలో మోకాలి అరుగుదల ఉన్న 288 మందిలో సగం మందికి పీఆర్‌పీ, సగం మందికి ఉప్పు నీళ్లు, ఎవరికి ఏది వేశారో చెప్పకుండా వారానికొకటి చొప్పున మూడు వేసి చూస్తే, ఏడాది తర్వాత నొప్పిలోనూ గుజ్జులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదట, ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. నొప్పి రెండు గుంపుల్లోనూ తగ్గింది! దాన్నిబట్టి మా అమ్మ వడియాల నెలలు ఏ లెక్కలోకి వస్తాయో మీరే అనుకోండి. బాగా పనిచేసిందని చెప్పే చిన్న పరిశోధనలూ ఉన్నాయి, అందుకే డాక్టర్లలోనే రెండు మాటలు వినపడతాయి.

నా మోచెయ్యి కథ వేరు. రోజూ షట్టర్ ఎత్తి ఎత్తి టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పి వచ్చింది (నేను జన్మలో టెన్నిస్ ఆడలేదు). ఒక్కటే ఇంజెక్షన్, రెండు నెలలకి తగ్గింది, ఇప్పటిదాకా రాలేదు. ఫిజియో చెప్పిన వ్యాయామాలు కూడా చేశాను కాబట్టి గొప్పంతా దానికే ఇవ్వలేను.

అమ్మకి ఇప్పుడు ఉపయోగపడుతున్నవి ఖర్చు లేనివే. మోకాలి కింద టవల్ చుట్టి పెట్టి పది సెకన్లు అదిమిపట్టడం పొద్దున పది సార్లు, సాయంత్రం పది సార్లు, కింద కూర్చోవడం మానేయడం, వెస్ట్రన్ కమోడ్. ఆరు కిలోలు తగ్గింది, అది మాత్రం మా చెల్లెలు వెంటపడి తగ్గించింది.

మీ అమ్మగారి ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా? పడుకోబెట్టి తీసిందైతే నిలబెట్టి ఇంకోటి తీయించండి, బరువు పడినప్పుడే సందు అసలు ఎంత మిగిలిందో తెలుస్తుంది. దాంట్లో గ్రేడ్ 4 అని వస్తే ఇక ఈ ఇంజెక్షన్‌కి డబ్బు పెట్టకండి. 3 అయితే, వేయించాలనే ఉంటే, ఒక్కదానికే కట్టి మూడు నెలలు చూడండి.