కొత్త రౌటర్ పెట్టాక ప్లేస్టేషన్‌కు వైఫై అందడం లేదు

ప్రశ్న: ఈమధ్యే ఇంటర్నెట్ కనెక్షన్ మార్చుకున్నాం. ఫోన్లకు, టీవీకి వైఫై బాగానే వస్తోంది గానీ, 2014లో కొన్న ప్లేస్టేషన్ 4లో మాత్రం మా వైఫై పేరు జాబితాలోనే కనిపించడం లేదు. అది పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అంత తొందరపడి ఆ నిర్ణయానికి రాకండి. 2013లో విడుదలైన తొలి ప్లేస్టేషన్ 4 మోడల్ వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును (వైఫై సిగ్నల్ నడిచే తరంగాల శ్రేణిని) మాత్రమే అందుకోగలదు. 5 గిగాహెర్ట్జ్ సదుపాయం 2016లో స్లిమ్, ప్రో మోడళ్లతోనే వచ్చింది. మీ కొత్త రౌటర్‌లో 2.4 బ్యాండు ఆపేసి ఉంటే, ఫోన్లు హాయిగా పనిచేస్తున్నా మీ ప్లేస్టేషన్‌కు మాత్రం ఆ పేరు కనిపించదు.

ముందుగా ఫోన్‌లో హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చి ఆన్ చేయండి. ప్లేస్టేషన్ దానికి కనెక్ట్ అయిందంటే అందులోని వైఫై భాగం బాగున్నట్టే కాబట్టి, మరమ్మతు దుకాణానికి డబ్బు పోయనవసరం లేదు. అప్పుడు రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి, లాగిన్ అయి, 2.4 బ్యాండును ఆన్ చేసి దానికి వేరే పేరు పెట్టండి. సెక్యూరిటీ (వైఫైకి రక్షణ ఇచ్చే పద్ధతి) డబ్ల్యూపీఏ3 అని ఉంటే డబ్ల్యూపీఏ2కు మార్చండి. అపార్ట్‌మెంటులో ఉంటే, ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీని బట్టి ఆ బ్యాండులోని భాగాలైన 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది.

రౌటర్ అదే గదిలో ఉంటే మాత్రం నా సలహా ఒక్కటే: రౌటర్‌ను, ప్లేస్టేషన్‌ను నేరుగా కలిపే ల్యాన్ కేబుల్ వేసుకోండి. ఆన్‌లైన్ ఆటలకు 2.4 వైఫై కన్నా అదే నమ్మకం.