గ్రేహౌండ్ జాతి కుక్క ముందుకాళ్లకు లోపలివైపు, పాదానికి కాస్త పైన ఉండే గోరును తీయించేయాలా?

అక్కర్లేదు. ఊరికే వేలాడుతున్నట్టు కనిపిస్తుంది కానీ, దానికీ ఎముక, స్నాయువులు ఉన్నాయి. కుక్క దౌడు తీస్తూ మలుపు తిరిగేటప్పుడు అది నేలకు ఆని పట్టునిస్తుంది.

అసలు చిక్కు ఆ గోరు పెరగడంతోనే. మామూలు నడకలో నేలకు తగలదు కాబట్టి అరగదు, వదిలేస్తే కొక్కెంలా వంగి చర్మంలోకే దిగుతుంది. పైగా గ్రేహౌండ్ చర్మం మరీ పల్చన, ఇట్టే చీరుకుపోతుంది. రెండు మూడు వారాలకోసారి కొన కత్తిరించండి. నల్ల గోరైతే లోపలి రక్తనాళం కనబడదు. అందుకే కొంచెం కొంచెంగా కోస్తూ, కోసిన చోట మధ్యలో నల్లటి చుక్క కనిపించగానే ఆపేయాలి. (నాకైతే ఆకురాయితో అరగదీయడమే తేలిక.) కాస్త రక్తం వచ్చినా టెన్షన్ వద్దు, కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కి పట్టుకోండి.

మొదలంటా చీలితే మాత్రం మీరు లాగకండి. శుభ్రమైన గుడ్డ చుట్టి వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి.