రొయ్య పెంకుతో ఫేస్‌వాష్ పూసలట... అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. వనామీ రొయ్యల గుంటలు చేస్తాం. పాప నెల్లూరులో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం. ఫేస్‌వాష్‌లో ప్లాస్టిక్ పూసలకు బదులు మట్టిలో కలిసిపోయే పూసలు చేసే చదువు చదువుతానంటోంది. హైదరాబాద్‌లో ఏడాది ‘గ్రీన్ కాస్మెటిక్స్’ డిప్లొమా మంచిదా, ఎమ్మెస్సీ మంచిదా? ఆడపిల్ల, బయటికి పంపాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో అసలు మాట ఆఖరిదే. నాకొచ్చే ఉత్తరాల్లో కోర్సు పేరు మారుతుంది గానీ చివర ఆ మాట మారదు. గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన రోజు, అది పట్టుబడి దాకా నిలుస్తుందో వైట్‌స్పాట్ తెగులు తగిలి మధ్యలోనే పోతుందో మీకు తెలియదు. అయినా లక్షలు పోస్తారు. పాప చదువు దగ్గరికొచ్చేసరికి గ్యారంటీ కావాల్సి వచ్చిందా? కోపం తెచ్చుకోకండి, నేనూ ఆడపిల్ల తండ్రినే.

పాపది పిచ్చి ఆలోచనేం కాదు. కడిగేసుకునే సరుకుల్లో ప్లాస్టిక్ పూసలు వద్దని అమెరికా 2015లోనే చట్టం చేసింది. యూరోపియన్ యూనియన్ 2023లో నిషేధించింది. కంపెనీలు అక్రోటు పెంకు పొడి, జొజోబా గింజల మైనం, సెల్యులోజ్ పూసల వైపు మళ్లక తప్పలేదు.

నా అనుమానమల్లా ఆ డిప్లొమా మీదే. మీ రొయ్యనే తీసుకోండి. పెంకు నుంచి కైటిన్ అనే పదార్థం, కైటిన్ నుంచి పూసలు చేసుకోదగ్గ కైటోసాన్ వస్తాయి. వినడానికి బాగుంది. కానీ పెంకులో సున్నం పోవాలంటే యాసిడ్, మాంసకృత్తులు పోవాలంటే కాస్టిక్ సోడా, కైటోసాన్‌గా మార్చాలంటే ఇంకా చిక్కటి కాస్టిక్. ఆ కడుగునీళ్లు అలాగే కాలవలోకి వదిలితే ఇక గ్రీన్ ఏముంది? పైగా కైటోసాన్ పులుపులో కరుగుతుంది. చర్మానికి పడాలని చాలా ఫేస్‌వాష్‌లను కాస్త ఆమ్లంగానే చేస్తారు. అంటే పూస ట్యూబులోనే మెత్తబడిపోతుంది. క్రాస్‌లింక్ చేసి, అంటే దాని అణువుల గొలుసులను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచారనుకోండి, సూక్ష్మజీవులు దాన్ని తినడం ఆలస్యమవుతుందేమోనని ఇంకో పేచీ. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్కూ అంతే. దాదాపు 58 డిగ్రీల వేడి నిలిచే కంపోస్టు కేంద్రంలో కుళ్లుతుంది గానీ, మైపాడు దగ్గర సముద్రంలో పడితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఏడాది డిప్లొమాలో క్రీములు కలపడం నేర్పుతారేమో, ఈ చిక్కులు విప్పడం కాదు. ఫీజు కట్టేముందు, పాప స్వయంగా ల్యాబులో పనిచేసేది ఎన్ని గంటలో అడగండి. జవాబు నాన్చితే లేచి వచ్చేయండి.

ఎమ్మెస్సీ చేయించండి. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉండనే ఉంది. ఎంట్రన్సుల సంగతి మీకన్నా పాపకే బాగా తెలుసు. ప్రాజెక్టు మాత్రం పాలిమర్ల (కైటోసాన్, ప్లాస్టిక్ లాంటి గొలుసు అణువుల పదార్థాల) మీద తీసుకోమనండి. ‘పూసల ఉద్యోగం’ అని ప్రకటన ఎవరూ ఇవ్వరు, నిజమే. కానీ పరికరాల మీద చేయి తిరిగితే షాంపూ కంపెనీ కాకపోతే మందుల కంపెనీ, క్వాలిటీ ల్యాబు. కెమిస్ట్రీ బాగా వచ్చిన పిల్ల ఖాళీగా కూర్చోవడం నేను పెద్దగా చూడలేదు.

అయితే కాకుటూరు దగ్గరుంది కదా అని అక్కడితో కట్టేయకండి. రేపు పీహెచ్‌డీకి హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ అనే కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ అన్నా, ముంబైలో ఐసీటీ అనే కెమికల్ టెక్నాలజీ యూనివర్సిటీ అన్నా సూట్‌కేసు మీరే కొనివ్వాలి. అప్పుడు మళ్లీ నాకు ఉత్తరం రాస్తే ఒప్పుకోను.

ఈలోగా ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్లను అడిగి పాపకు ఒక బక్కెట్ పెంకు ఇప్పించండి. వెంటనే కడిగి ఎండబెట్టమనండి, లేకపోతే ఆ వాసనకు మీ ఇంట్లోవాళ్లు ముందు మిమ్మల్ని బయటికి పంపేస్తారు.